పెన్‌గంగకు ఇవతల ఏ సోయా రకం?

వానాకాలం దగ్గర పడుతుందంటే చాలు, ఆదిలాబాద్, నిర్మల్, కామారెడ్డి, నిజామాబాద్ జిల్లాల సోయా రైతులు ఒకరినొకరు అడిగే మాట ఒక్కటే: “ఈ యేడు ఏ రకం ఎయ్యాలె అన్నా?” దానికి వచ్చే జవాబులు రెండు. పాత రకం జె.ఎస్. 335 పని అయిపోయింది, మహారాష్ట్ర నుంచి కొత్త రకం తెచ్చుకొమ్మని కొందరంటారు. ఎన్ని కొత్తవి వచ్చినా 335ను మించింది లేదని మరికొందరు పట్టుబడతారు. ఈ రెండు జవాబులు ఇచ్చేవాళ్లూ, అడిగిన రైతు భూమి ఎంత లోతుందో, సోయా తీశాక శనగ వేస్తాడో లేదో, విత్తనం ఇంట్లోదో కొన్నదో అడగరు. ఆ మూడూ తెలుసుకోకుండా రకం పేరు చెబితే అది సలహా కాదని నా గట్టి అభిప్రాయం. ఉత్తర తెలంగాణకంతటికీ సరిపోయే ఒక్క సోయా రకం లేదు. ఉన్న ఒక్కదాన్ని దించి ఇంకొకదాన్ని దాని స్థానంలో కూర్చోబెట్టినంత మాత్రాన రైతు కష్టం తీరదు.

ముందుగా 335 సంగతి. జబల్పూర్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ కృషి విశ్వవిద్యాలయం నుంచి ఈ రకం 1994లో రైతులకు వచ్చింది. జె.ఎస్. 78-77, జె.ఎస్. 71-05 అనే రెండింటిని సంకరపరచి దీన్ని తీశారు. ఊదారంగు పూలు, నూగు లేని నున్నటి కాయలు, పసుపు గింజ, ఆ గింజకు నల్లటి కన్ను దీని గుర్తులు. 95 నుంచి 100 రోజుల్లో కోతకు వస్తుంది. హెక్టారుకు 25 నుంచి 30 క్వింటాళ్లు, అంటే ఎకరాకు 10 నుంచి 12 క్వింటాళ్ల దిగుబడి ఇవ్వగలదని దీని మీద రాసి ఉంటుంది. మధ్యప్రదేశ్, మహారాష్ట్ర మీదుగా మన ఉత్తర జిల్లాల దాకా ఇది పాకిన తీరు మామూలుది కాదు. ఒక దశలో దేశంలోని సోయా భూముల్లో అధిక భాగం ఈ ఒక్క రకంతోనే నిండిపోయింది. గింజ మరీ లావు కాకుండా, వంద గింజలు 10 నుంచి 13 గ్రాములు తూగేలా ఉండడం వల్ల మొలక శక్తి మెరుగ్గా నిలిచేది. రైతు దాన్ని నమ్మడానికి దిగుబడి ఎంత కారణమో, మొలక అంతకంటే పెద్ద కారణమని నేను అనుకుంటాను. సోయా పండించే రైతుకు అసలు భయం జూన్‌లో మొదలవుతుంది. మొలిచిన చేనుకు తర్వాత ఏ తెగులు వచ్చినా ఏదో ఒక మందు ఉంటుంది గానీ, మొలవని సాలుకు మళ్లీ విత్తనం కొనడమే గతి.

ఒక చోట బాగా పండిన సోయా రకం మరో చోట ఎందుకు పండదో చెప్పుకోవాలంటే పగటి పొడవు దగ్గర మొదలుపెట్టాలి. సోయా మొక్క రాత్రి నిడివిని బట్టి పూతకు వస్తుంది. రాత్రులు ఒక హద్దు దాటి పొడవైతేనే పూస్తుంది, ఆ హద్దు రకానికి ఒక తీరుగా ఉంటుంది. మన దేశంలో సోయాను వాణిజ్య పంటగా నిలబెట్టే పని 1960ల చివర్లో పంత్‌నగర్, జబల్పూర్ విశ్వవిద్యాలయాలు అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం సహకారంతో మొదలుపెట్టాయి. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం ఉన్నది 40 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. జూన్ మూడో వారంలో అక్కడ పగలు 15 గంటలు. అదే రోజున ఆదిలాబాద్‌లో పగలు సుమారు 13 గంటల 20 నిమిషాలు మాత్రమే. అక్కడి పొడవాటి పగళ్లకు అలవాటు పడిన రకాన్ని ఇక్కడ విత్తితే, మొక్క జానెడు ఎత్తు పెరగకముందే రాత్రి చాలినంత పొడవుందని పూతకు దిగిపోతుంది. కొమ్మలు లేని మొక్కకు కాయలెక్కడి నుంచి వస్తాయి? అందుకే అమెరికా రకాల్లో కూడా బ్రాగ్ లాగా అక్కడి దక్షిణాదికి చెందినవే మన దగ్గర కొంత కాలం నిలిచాయి. ఆ తర్వాత మన శాస్త్రవేత్తలు మన పగళ్లకు తగ్గ రకాలను తీశారు.

ఈ సంగతి పాత చరిత్రలా కనిపించవచ్చు గానీ, ఇప్పటికీ ప్రతి ఏటా చేనులో పనిచేస్తున్నది ఇదే. వాన ఆలస్యమై జులై మూడో వారంలో విత్తిన 335, జూన్ మూడో వారంలో విత్తిన దానికంటే పొట్టిగా ఉండి ముందే పూస్తుంది. అటువంటి ఏడాది సాళ్ల మధ్య 45 సెంటీమీటర్ల దూరం పెడితే చేను కమ్ముకోదు, సాళ్ల మధ్య ఖాళీ అట్లాగే మిగిలి కలుపు పెరుగుతుంది. సాలును 30 సెంటీమీటర్లకు దగ్గర చేసి విత్తనం కొంచెం పెంచాలి. రకం గుణం విత్తే తేదీతో కలిసే బయటపడుతుందని చెప్పడానికి ఇంతకంటే తేలిక ఉదాహరణ లేదు.

ఇక ప్రాంతం మాట. దేశాన్ని సోయా పరిశోధన కోసం మండలాలుగా విభజించారు. మధ్యప్రదేశ్, రాజస్థాన్, గుజరాత్‌లతో పాటు మహారాష్ట్రలోని విదర్భ, మరాఠ్వాడాలు మధ్య మండలంలోకి వస్తాయి. కర్ణాటక, తమిళనాడు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, మహారాష్ట్ర దక్షిణ భాగం కలిసి దక్షిణ మండలం అవుతాయి. కాగితం మీద ఈ విభజన సబబుగానే ఉంది. కానీ ఆదిలాబాద్ జిల్లా ఉత్తర హద్దు పెన్‌గంగ. నదికి అవతల మహారాష్ట్రలోని యవత్మాల్ జిల్లా, ఇవతల బేల, జైనథ్ మండలాలు. రెండు ఒడ్లనా అదే నల్లరేగడి, అదే పత్తి, అదే సోయా, ఇంచుమించు అదే వాన. అయినా అవతలి ఒడ్డు మధ్య మండలం, ఇవతలి ఒడ్డు దక్షిణ మండలం. అంటే ఆదిలాబాద్ రైతును, పక్కూరివాడైన పాండర్‌కవడ రైతుతో విడదీసి, వందల కిలోమీటర్ల దూరంలో, కర్ణాటకలోని ధార్వాడ రైతుతో జతకట్టారు.

దీని వల్ల నష్టమేమిటని అడగవచ్చు. ధార్వాడ, బెళగావి, కొల్హాపూర్, సాంగ్లీ ప్రాంతాల్లో సోయాకు పెద్ద శత్రువు తుప్పు తెగులు. కృష్ణా లోయలోని చల్లటి, ముసురు పట్టిన ఆగస్టు, సెప్టెంబరు నెలలు ఆ తెగులుకు అనువుగా ఉంటాయి. అందుకే ధార్వాడ వ్యవసాయ విశ్వవిద్యాలయం డి.ఎస్.బి. 21ను, సాంగ్లీ జిల్లాలోని కస్బే డిగ్రజ్ పరిశోధన కేంద్రం కె.డి.ఎస్. 726ను, అంటే రైతులు ఫూలే సంగం అని పిలిచే రకాన్ని, తుప్పును తట్టుకునే గుణాన్ని ముందుంచుకుని తీశాయి. అక్కడ అది సరైన ప్రాధాన్యమే. ఫూలే సంగం గుబురుగా పెరిగే మంచి రకం, లోతైన నేలలో, సారవంతమైన నేలలో దాని కాత చూస్తే ఎవరికైనా ఆశ పుడుతుంది. అయితే భైంసా రైతుకు తుప్పు మొదటి శత్రువు కాదు. అతన్ని దెబ్బతీసేవి పల్లాకు తెగులు, కాండం ఈగ, కోత సమయపు వాన, గింజ పాలు పోసుకునే వేళ రెండు వారాల బెట్ట. తన సమస్య కాని దానికి పరిష్కారమైన రకాన్ని రెట్టింపు ధర పెట్టి తెచ్చుకుంటే, ఆ ధరలో కొంత భాగం అక్కరకు రాని గుణానికి చెల్లించినట్టే.

అదే పటం మీద ఇంకొక ఊరు చూడండి. పర్భణీ. అక్కడి మరాఠ్వాడా వ్యవసాయ విశ్వవిద్యాలయం గోదావరి పరీవాహక ప్రాంతంలో, బాసర, నిర్మల్‌ల అక్షాంశానికి దగ్గరగానే ఉంది, మధ్యలో నాందేడ్ జిల్లా ఒక్కటే అడ్డం. అక్కడి ఎం.ఎ.యు.ఎస్. 71, ఎం.ఎ.యు.ఎస్. 158, ఎం.ఎ.యు.ఎస్. 162 రకాలు మన పగటి పొడవుకు, మన నల్లనేలకు దగ్గరగా ఉన్న చోట పరీక్షకు నిలిచినవి. వీటిలో 71, 158 కోత కాస్త ఆలస్యమైనా కాయ పగిలి గింజ రాలకుండా ఆగుతాయి. 162లో కాయలు నేలకు కొంచెం ఎత్తులో మొదలవుతాయి కాబట్టి హార్వెస్టర్ కత్తికి అందుతాయి. కూలీలు దొరకని మన ఊళ్లలో ఈ చివరి గుణం విలువ క్వింటాళ్లలో లెక్క కట్టాల్సినది. కాయ నేలకు ఆనుకుని ఉంటే యంత్రం వాటిని వదిలేసి పోతుంది, ఆ రాలుబాటు తర్వాత ఏరుకునేదీ కాదు. మండలాల పటంలో మనది దక్షిణమని రాసి ఉన్నంత మాత్రాన పర్భణీని పక్కనపెట్టి ధార్వాడ వైపు చూడనక్కరలేదు. మన ఆదిలాబాద్ వ్యవసాయ పరిశోధన స్థానం తీసిన బాసర (ఎ.ఎస్.బి. 22) రకానికి నేను విలువ ఇవ్వడానికి కూడా కారణం ఇదే. అది ఈ నేల మీద, ఈ వానకు తడిసి ఎంపికైన రకం.

ఇప్పుడు నేల లోతు దగ్గరికి వద్దాం. రకం ఎంపికలో అన్నిటికంటే ముందు రావాల్సింది ఇదే, అన్నిటికంటే తక్కువగా మాట్లాడుకునేదీ ఇదే. ఒక మీటరు లోతున్న నల్లరేగడి నిండా తడిస్తే మొక్క తాగగలిగే నీరు 150 నుంచి 200 మిల్లీమీటర్ల దాకా దాచుకుంటుంది. అడుగున్నర కింద మొరం తగిలే భూమి అందులో సగం కూడా దాచలేదు. అడుగు లోపే రాయి తగిలే ఉట్నూర్, ఇంద్రవెల్లి వైపు గుట్టవాలు భూముల్లో 50 మిల్లీమీటర్లు ఆగితే గొప్ప. గింజ నిండే దశలో సోయా చేను రోజుకు 5 మిల్లీమీటర్ల దాకా నీరు తాగుతుంది. లెక్క సులువే. లోతైన రేగడిలో వాన ఆగాక నెల రోజులు గడుస్తుంది, గుట్టవాలులో పది రోజులకే చేను వాలిపోతుంది. ఆగస్టు చివర్లోనో సెప్టెంబరు మొదట్లోనో పన్నెండు, పదిహేను రోజుల బెట్ట మన జిల్లాలకు కొత్త కాదు. ఆ బెట్టలో 105 రోజుల రకం తేలిక నేలలో ఉంటే కాయ ఉంటుంది, గింజ ఉండదు. కాయను వేళ్ల మధ్య నొక్కి చూస్తే అప్పడంలా చప్పిడిగా తగులుతుంది, విప్పితే పల్చటి పచ్చటి పొట్టు లోపల ఆవగింజంత బొడిపె. చేను దూరం నుంచి పచ్చగానే కనిపిస్తుంది కాబట్టి రైతుకు ఆ సంగతి నూర్పిడి దాకా తెలియదు.

అందువల్ల తేలిక నేలకు 85 నుంచి 95 రోజుల లోపు ముగిసే రకమే తగినది. జె.ఎస్. 95-60, జె.ఎస్. 20-34 వంటివి 90 రోజుల లోపు కోతకు వస్తాయి. నాలుగు గింజల కాయలు కాసే జె.ఎస్. 93-05 90 నుంచి 95 రోజులు తీసుకుంటుంది. ఈ తక్కువ కాలపు రకాలు లోతైన రేగడిలో 335 కంటే వెనకబడవచ్చు, అక్కడ వాటిని వేయమని నేను చెప్పను. కానీ తేలిక నేలలో పన్నెండు క్వింటాళ్ల రకం నాలుగు క్వింటాళ్లిచ్చే ఏడాది, ఎనిమిది క్వింటాళ్ల రకం ఆరు ఇస్తే ఆ రైతుకు ఏది గొప్ప రకం? సంచి మీద ముద్రించిన దిగుబడి మంచి నేలలో, మంచి ఏడాదిలో, పరిశోధకుల చేతిలో వచ్చినది. దేశ సగటు ఇప్పటికీ హెక్టారుకు పది, పదకొండు క్వింటాళ్ల దగ్గరే, అంటే ఎకరాకు నాలుగున్నర లోపే తిరుగుతున్నదంటే, ఆ ముద్రించిన అంకె రైతు నిర్ణయానికి ఎంత తక్కువ పనికొస్తుందో అర్థమవుతుంది.

లోతైన నేల కథ వేరు. బోధన్, మద్నూర్, భైంసా, ముధోల్ వైపు రేగడిలో బెట్ట కంటే నీటి నిలవే ఎక్కువ ఇబ్బంది. జులైలో మూడు రోజుల ముసురు పడితే, మొక్కకు నత్రజని అందించే వేళ్ల బుడిపెలు ఊపిరాడక పనిచేయడం మానేస్తాయి, ఆకు పాలిపోతుంది. ఇక్కడ రకం కంటే ఎత్తు మడులు, కాలువల పద్ధతిలో విత్తడం ముఖ్యం. మరాఠ్వాడాలో ఇది బాగా వ్యాపించింది, మన దగ్గర ఇంకా అక్కడక్కడే కనిపిస్తున్నది.

లోతైన నేల రైతుకు ఉండే రెండో లెక్క వెనక వచ్చే పంట. ఆదిలాబాద్, భైంసా, మద్నూర్ వైపు సోయా వెనక శనగ వస్తుంది, బాల్కొండ, ఆర్మూర్ వైపు ఎర్రజొన్న వస్తుంది. శనగ అక్టోబరులో, నేలలో పదును ఉండగానే పడాలి. మృగశిర దాటి ఆరుద్ర కార్తె మొదట్లో, జూన్ 22 ప్రాంతంలో విత్తారనుకుందాం. 335 ఉత్తర కార్తె చివర, హస్త మొదట్లో, సెప్టెంబరు 25 నుంచి 30 మధ్య కోతకు వస్తుంది. 110 రోజుల రకమైతే అక్టోబరు పదో తేదీ. ఈ పది పదిహేను రోజుల తేడాలో హస్త కార్తె చాలావరకు ఇరుక్కుని ఉంది. హస్త వాన పడితే శనగకు మేలు, కోతకొచ్చిన సోయాకు చేటు. పక్కపక్క చేలలో ఇద్దరు అన్నదమ్ములు ఒకే వానను ఒకరు వరమని, ఒకరు శాపమని అనుకోవడం మా ప్రాంతంలో చూస్తూనే ఉంటాం. శనగ వేసేవాడికి పది రోజులు ముందు వచ్చే సోయా రకం రెండు క్వింటాళ్లు తక్కువిచ్చినా, ఆ పది రోజులను శనగ తిరిగి చెల్లిస్తుంది. యాసంగి పంట లేనివాడు ఎక్కువ కాలపు రకం వేసుకున్నా ఆ మేరకు నష్టం లేదు. అయినా మన సిఫారసుల్లో రకాలను ఒంటరిగా, ఒక్క వానాకాలపు దిగుబడితోనే పోలుస్తారు. రెండు పంటల మొత్తం మీద పోల్చిన పట్టిక ఒక్కటి రైతు చేతికి ఇచ్చినా వాదనలు సగం తగ్గేవి.

కోత వేళ తడిసిన గింజ మార్కెట్‌లో ఏమవుతుందో చెప్పనక్కరలేదు. మద్దతు ధరకు కొనాలంటే తేమ 12 శాతం మించకూడదన్నది నిబంధన. 2024 వానాకాలం పంటకు మాత్రం కేంద్రం ఆ హద్దును ఆ ఒక్క సీజనుకు 15 శాతానికి సడలించింది. ఆ ఏడాది మద్దతు ధర క్వింటాకు 4,892 రూపాయలు, 2025-26కు అది 5,328 రూపాయలైంది. సడలింపు రైతుకు ఊరటే, కాదనను. కానీ హస్త, చిత్త కార్తెల్లో ఆరబెట్టే చోటు లేని రైతుకు, వాన కంటే ముందు కల్లానికి చేరే రకం ఇచ్చే భద్రత ఏ సడలింపూ ఇవ్వలేదు.

ఇక విత్తనం. నా దృష్టిలో సోయా రకాల చర్చ అంతా చివరికి ఇక్కడికే వచ్చి ఆగాలి. సోయా గింజను చేతిలోకి తీసుకుని నల్లటి కన్ను పక్కన చూడండి. పల్చటి తోలు కింద చిన్న కొక్కెంలాంటి ఉబ్బు కనిపిస్తుంది, అదే మొలకై వేరయ్యే భాగం. శనగలోనూ కందిలోనూ ఆ భాగానికి గట్టి రక్షణ ఉంటుంది. సోయాలో దాన్ని కాపాడేది ఆ పల్చటి తోలు ఒక్కటే. బస్తాను లారీ మీద నుంచి విసిరితే, నూర్పిడి యంత్రం నిమిషానికి 400 చుట్లు మించి తిరిగితే, పొలంలోనే గింజ తడిసి, ఎండి, మళ్లీ తడిస్తే ఆ తోలు చిట్లుతుంది. పైకి గింజ నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల ప్రాణం పోయి ఉంటుంది. గింజ ఎంత లావైతే ఈ దెబ్బ అంత ఎక్కువ తగులుతుంది. లావు గింజ రకాన్ని చూసి మురిసిపోయే రైతు ఈ ఒక్క విషయం గుర్తుంచుకోవాలి.

2019 అక్టోబరులో వానలు వదలకుండా కురిసి మధ్యప్రదేశ్, మహారాష్ట్రల్లో కోతకొచ్చిన సోయా తడిసింది. ఆ తడిసిన పంటలోంచే విత్తనం రావాల్సి ఉండడంతో, 2020 జూన్‌లో విత్తనం మొలవలేదన్న ఫిర్యాదులు అక్కడా, మన ఉత్తర జిల్లాల్లోనూ వెల్లువెత్తాయి. రెండోసారి విత్తినవాళ్లు, రెండోసారీ మొలవక పత్తికో కందికో మళ్లినవాళ్లు ఊరూరా కనిపించారు. దీన్ని 335 లోపంగా చూడడం అన్యాయం. ఒకే ప్రాంతం నుంచి, ఇంచుమించు ఒకే కాలానికి కోతకొచ్చే ఒకటి రెండు రకాల విత్తనం మీద నాలుగైదు జిల్లాలు ఆధారపడితే, అక్కడ పడ్డ అకాల వాన ఇక్కడ ప్రతి చేనునూ ముంచుతుంది. ఆ స్థానంలో జె.ఎస్. 20-29 అనే తర్వాతి రకం ఉన్నా, ఫూలే సంగం ఉన్నా జరిగేది అదే.

మొలక శాతం ఎందుకింత ముఖ్యమో ఒక లెక్క వేసి చూపిస్తాను. ధ్రువీకరించిన సోయా విత్తనానికి నిబంధన ప్రకారం కనీస మొలక 70 శాతం. ఇతర పంటలతో పోలిస్తే ఇది తక్కువ, సోయా గుణం తెలుసు కాబట్టే తగ్గించి పెట్టారు. ఎకరాకు 30 కిలోల సంచి. 335 వంద గింజలు 12 గ్రాములనుకుంటే ఆ సంచిలో రెండున్నర లక్షల గింజలు. 70 శాతం మొలిస్తే లక్షా 75 వేల మొక్కలు. సాళ్ల మధ్య 45, మొక్కల మధ్య 5 సెంటీమీటర్ల దూరంలో ఎకరాకు కావాల్సినవి సుమారు లక్షా 80 వేలు. అంటే 70 శాతం మొలిచే 335 సంచి ఎకరాకు ఇంచుమించు సరిపోతుంది. ఇప్పుడు వంద గింజలు 14 గ్రాములు తూగే లావు గింజ రకం తీసుకోండి. అదే సంచిలో రెండు లక్షల 14 వేల గింజలే ఉంటాయి, 70 శాతం మొలిస్తే లక్షన్నర మొక్కలు. కొమ్మలు బాగా వేసే రకమైతే ఆ లోటును పూడ్చుకుంటుంది, నిటారుగా పెరిగే పొట్టి రకమైతే ఆ ఖాళీలు కోత దాకా ఖాళీలే. “ఎకరాకు ఒక సంచి” అనే మాట ఏ రకానికైనా చెల్లుతుందని అనుకోవడం వల్ల జరిగే నష్టం ఇది. మొలక 60 శాతానికి పడిపోతే ఆ లెక్క ఎవరికి వారు వేసుకోవచ్చు.

కాబట్టి కొన్నదైనా ఇంటిదైనా మొలక కట్టి చూడకుండా సోయా విత్తకూడదు. తడిపి పిండిన గోనెపట్టా మీద వంద గింజలను పది వరుసల్లో, ఏరకుండా, సంచిలో నుంచి చేతికి వచ్చినవి వచ్చినట్టే పేర్చి, పైన ఇంకో తడి పట్టా కప్పి చుట్ట చుట్టి నీడలో ఉంచాలి. రోజూ కాస్త నీరు చిలకరించాలి. ఐదారు రోజులకు విప్పితే మూడు రకాల గింజలు కనిపిస్తాయి: తెల్లటి వేరు నిటారుగా దిగి, రెండు బద్దలూ నిండుగా ఉన్నవి; మొలిచినా వేరు మొండిగా ఆగిపోయినవి లేదా బద్ద విరిగినవి; ఉబ్బి, మెత్తబడి, వాసన వేస్తున్నవి. మొదటి రకాన్నే లెక్కపెట్టాలి. రెండో రకాన్ని కలుపుకుని లెక్కించి సంతోషపడితే, పైనున్న మట్టిని తోసుకుని రాలేని ఆ మొలకలు చేనులో మోసం చేస్తాయి. తగ్గిన శాతానికి తగినట్టు విత్తనం పెంచాలి, 60 కంటే తగ్గితే ఆ విత్తనాన్ని నూనె మిల్లుకు పంపడమే మేలు. విత్తే లోతు 3 నుంచి 4 సెంటీమీటర్లు దాటకూడదు, 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడి పదునయ్యాకే గొర్రు కట్టాలి. విత్తనానికి శిలీంధ్రనాశిని పట్టించాక, విత్తే ముందు నీడలో, వేళ్ల బుడిపెలు కట్టించే రైజోబియం బాక్టీరియాను కలపాలి. ఇవన్నీ అందరికీ తెలిసినవే, అయినా తొలకరి హడావుడిలో మొదట వదిలేసేవీ ఇవే.

సోయా స్వపరాగ సంపర్కపు పంట. సంకర పత్తిలాగా ఏటేటా సంచి కొనాల్సిన పని లేదు. ఒకసారి మంచి విత్తనం తెచ్చుకుంటే రెండు మూడేళ్లు ఇంటి విత్తనంతో నడపవచ్చు. చేనులో నీరు నిలవని, తెగులు లేని ఒక అరెకరం గుర్తుపెట్టుకుని, వేరే రకం మొక్కలను పూత రంగు చూసి పీకేసి, దాన్ని హార్వెస్టర్‌కు అప్పగించకుండా కోసి, కర్రలతోనో నెమ్మదిగా తిరిగే యంత్రంతోనో నూర్చి, 10 శాతం తేమకు ఆరబెట్టి, గోనె సంచుల్లో చెక్కల మీద నాలుగైదు సంచులకు మించకుండా పేర్చుకుంటే చాలు. రాయితీ విత్తనం కోసం క్యూలో నిలబడిన రోజుల్లో ఈ అలవాటు మన ఊళ్లలో పోయింది. రాయితీ ఆగాక చాలామంది మహారాష్ట్ర దుకాణాల వైపు పరుగెత్తారు గానీ, తమ కల్లం వైపు తిరిగి చూసినవాళ్లు తక్కువ.

335 మీద ఉన్న న్యాయమైన ఫిర్యాదు గురించి కూడా చెప్పాలి. పల్లాకు తెగులును అది తట్టుకోలేదు. తెల్లదోమ వ్యాపింపజేసే ఈ తెగులు ముందుగా సోకిన చేనులో ఆకులు పసుపు మచ్చలతో నిండి కాత సగానికి పడుతుంది. ఎండుబెట్టలో వచ్చే బొగ్గు కుళ్లు కూడా దీన్ని ఇబ్బంది పెడుతుంది. జె.ఎస్. 20-29, జె.ఎస్. 20-69, జె.ఎస్. 20-98 వంటి తర్వాతి రకాలు పల్లాకును తట్టుకునేలా తీసినవే. తెగులు ఏటేటా కనిపిస్తున్న ఊళ్లో 335ను పట్టుకు వేలాడమని నేను చెప్పను. ఒక రకాన్ని ఒకే నేలలో ముప్పై ఏళ్లు వరుసగా వేస్తే దాని బలహీనతను కనిపెట్టిన పురుగూ తెగులూ అక్కడే కాపురం పెడతాయి. రకం పాతబడడానికి సగం కారణం దాని పుట్టుకలో ఉంటే, మిగతా సగం మన వాడకంలో ఉంది. ఫూలే సంగం ఒక్కటే వేస్తున్న ఊళ్లలో ఇదే మళ్లీ మొదలవుతుందని నా భయం.

పది ఎకరాల సోయా రైతు, సగం లోతు రేగడి, సగం తేలిక నేల ఉన్నవాడు, ఎట్లా పంచుకోవాలి? తేలిక నేల మొత్తం 90 రోజుల రకానికి ఇవ్వాలి, వీలైతే సాళ్ల మధ్య కంది కలపాలి. రేగడిలో శనగ వెయ్యదలచిన భాగానికి 95 రోజుల రకం, పల్లాకు తట్టుకునేది చాలు. మిగిలిన రేగడిలో బాసరో, పర్భణీ రకమో, ఇంకాస్త ఎక్కువ కాలపుదో వేసి చూడవచ్చు. కోత ఒకేసారి మీద పడదు, హార్వెస్టర్ కోసం ఊరంతా ఒకే రోజు ఎగబడే అవస్థ తగ్గుతుంది, హస్త వాన వచ్చినా పంటంతా ఒకే దశలో చిక్కుకోదు. రెండెకరాల రైతుకు ఈ పంపకం కుదరదు. అతను పక్క ఇద్దరు ముగ్గురితో మాట్లాడుకుని తలా ఒక రకం వేస్తే, మరుసటి ఏటికి ఆ గుంపులోనే మూడు రకాల విత్తనం, మూడు నేలల అనుభవం చేతికొస్తాయి.

ఇదంతా రైతు తలమీద మాత్రమే పెట్టే పని కాదు. రైతు వేదికలు మండలాల నిండా కట్టారు. ప్రతి వేదిక పరిధిలో ఒక లోతు నేల చేను, ఒక తేలిక నేల చేను తీసుకుని, నాలుగు రకాలను పక్కపక్కన విత్తి, నేల లోతు, విత్తిన తేదీ, కోత తేదీ, వెనక పంట దిగుబడి అన్నీ కలిపి వేదిక గోడ మీద రాయడం పెద్ద ఖర్చు కాదు. విత్తన సంచి మీద మొలక శాతం ‘కనీసం 70’ అని రాసే బదులు, ఆ లాటుకు నిజంగా వచ్చిన శాతాన్నీ, వంద గింజల బరువునూ, పరీక్షించిన తేదీ పక్కనే కొట్టొచ్చినట్టు ముద్రించాలని చట్టంలో చేర్చడమూ కష్టం కాదు. మార్చిలో 78 శాతం మొలిచిన లాటు, వేసవి అంతా రేకుల గోదాములో ఉడికి జూన్‌కు 60కి దిగుతుంది. పరీక్ష నెల చూసుకుంటే రైతు ఆ సంచిని అనుమానంతో చూస్తాడు, మొలక కట్టుకుంటాడు, అవసరమైతే అక్కడే వదిలేసి వస్తాడు.